వీల్ స్టాపర్ గోడకి ఎంత దూరంలో పెట్టాలి? షాపు ముందు పార్కింగ్ లెక్క

మన అనకాపల్లి జిల్లా రోలుగుంట నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ షాపుల ముందు చూడండి, కార్లు ఆపడానికి ఏముంటాయి? బండరాయి, పాత టైరు, లేదంటే ఏమీ ఉండదు. ఆ వెనకే అరుగు మీద పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు. డ్రైవర్ రెండడుగులు ఎక్కువ వస్తే తగిలేది వాళ్ల మోకాళ్లకే. అందుకే ఈ ఎపిసోడ్ వీల్ స్టాపర్ల మీద.

ముందు ఎత్తు. 4 అంగుళాలు చాలు. మన చిన్న కార్లకి గ్రౌండ్ క్లియరెన్స్ 160, 170 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఫుల్ లోడ్‌తో ఇంకా తగ్గుతుంది. 6 అంగుళాల దిమ్మ కడితే టైరు తగలక ముందే బంపర్ గీసుకుపోతుంది. బండరాయితో గొడవ అదే.

ఇక దూరం. చాలామంది గోడకి ఆనించి బిగించేస్తారు, డబ్బులు దండగ. టైరు ఆగేలోపే బంపర్ గోడని ముద్దు పెట్టుకుంటుంది! టేపు తీసుకోండి. అక్కడికొచ్చే కార్లలో ముక్కు పొడుగున్నదాన్ని చూసి, ముందు టైరు అంచు నుంచి బంపర్ కొస వరకు కొలవండి. దానికి ఒక అడుగు కలపండి. సుమారుగా రెండున్నర నుంచి మూడు అడుగులు వస్తుంది. అరుగు మీద జనం కూర్చుంటే ఇంకో అడుగు వదలండి, పోయేదేం లేదు.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది: ఆటోలు. టైరుకొకటి చొప్పున రెండు చిన్న ముక్కలు పెడితే కారు ఆగుతుంది. ఆటోకి ముందు చక్రం ఒక్కటే కదా, మధ్య సందులోంచి దర్జాగా వెళ్లిపోతుంది. అందుకే ఆటోలొచ్చే చోట 6 అడుగుల ఒకే ముక్క వెయ్యండి. కింద నీళ్లు పోయే సందు ఉన్నది తీసుకోండి, వానాకాలం గుర్తుంది కదా.

బిగించడం సింపులే. కాంక్రీటు మీదైతే హ్యామర్ డ్రిల్‌తో బొక్క వేసి, దుమ్మంతా ఊదేసి, యాంకర్ బోల్ట్ బిగించాలి. దుమ్ము వదిలేస్తే పట్టు రాదు. తారు మీదైతే పొడవాటి ఇనప మేకులు. మట్టి నేలైతే ముందు కాంక్రీటు పట్టీ పొయ్యాల్సిందే, షార్ట్‌కట్ లేదు. మనుషులు నడిచే దారికి అడ్డంగా మాత్రం వద్దు. రాత్రి కాలు తట్టుకుని పడతారు, పసుపు రిఫ్లెక్టర్ ఉన్నా సరే.

ఒక్క విషయం సీరియస్‌గా వినండి. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే వీల్ స్టాపర్ కారుని ఆపదు, ఎక్కి దూకేస్తుంది. సాఫ్ట్‌వేర్ భాషలో ఇది వార్నింగ్ మెసేజ్, ఎర్రర్ కాదు. టీ కొట్టు, బడి గేటు, ఆసుపత్రి మెట్ల లాంటి చోట వెనకాల కాంక్రీటు నింపిన ఇనప స్తంభాలు, అంటే బొలార్డులు, లోతుగా పాతాలి. ఖర్చు ఎక్కువే. రెండిట్లో ఒకటే పెట్టగలిగితే నేను బొలార్డే అంటాను.

మీ కారు కొలత ఎంతొచ్చిందో మోడల్‌తో సహా కింద రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో బొలార్డు గుంత ఎంత లోతు తియ్యాలో చూద్దాం.