విదేశీ సీటా, ఇక్కడి సీటా?



నీట్ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు ఉపాధ్యాయులమైన మమ్మల్ని అడిగే మాట ఒకటుంది: "సార్, బయటి దేశంలో ఎంబీబీఎస్ తక్కువలో అవుతుందట. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?"

మేము వెళ్లమనం, వద్దనం. ముందు మొత్తం లెక్క కాగితం మీద వేసుకోమంటాం. విదేశంలో చదవాలన్నా నీట్ అర్హత తప్పదు. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీషు మీడియంలో సాగాలి. ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి. ఆ తర్వాత ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఏజెంటు చెప్పే ఫీజులో ఈ చివరి ఏళ్ల ఖర్చు ఉండదు.

ఇక్కడి దారులూ చూడాలి. బీసీ-ఇ కిందికి వచ్చే కుటుంబాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. కౌన్సెలింగ్ నాటికి ఆ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. మెడిసిన్ సీటు రాకపోతే నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ ఉన్నాయి. అవీ గౌరవంగా బతుకునిచ్చే చదువులే.

దాతలకు మా మనవి. బిడ్డ విమానం ఎక్కేనాడు సాయం చేసేవారు దొరుకుతారు. తిరిగొచ్చి పరీక్షకు కూర్చునే నాటికి అప్పు పెరిగి ఉంటుంది, జీతం మొదలుకాదు. అప్పుడు పలకరించేవారు తక్కువ. మీరిచ్చే దానిలో కొంత ఆ ఏడాదికి, కొంత ఇక్కడ చదివే పిల్లల హాస్టల్ ఖర్చుకు కేటాయించండి. మొదలుపెట్టిన చదువు పూర్తయితేనే మీ సాయం ఫలించినట్టు.