బండిలోని చిన్న పెట్టె



కార్లున్న ఇళ్ళలోనూ, అద్దెకారు నడిపి సంసారం ఈదే ఇళ్ళలోనూ ఈమధ్య ఒక కొత్త మాట వినబడుతోంది: "బీసీఎం పోయిందట!" బాడీ కంట్రోల్ మాడ్యూల్ అన్నదానికి పొట్టిపేరు అది. మా హోసూరు షెడ్డుల్లో మెకానిక్కు అరవంలో చెబుతాడు, బండి యజమాని తెలుగులో అడుగుతాడు, పక్కన నిలబడ్డవాడు కన్నడంలో సలహా పడేస్తాడు. చేతికిచ్చే ఎస్టిమేటు కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. మూడు భాషలు వచ్చినవాళ్ళం కూడా దాని ముందు నోరు మెదపకుండా సంతకం పెట్టి వస్తున్నాం. ఆ కాగితం మీద రాసిన వస్తువు ఏమిటో, దాన్ని మార్చవలసివస్తే ఏమేమి జరగాలో ఇవాళ చెప్పుకుందాం.

పాత అంబాసిడర్లలో, పద్మినీ కార్లలో స్విచ్చి వేస్తే కరెంటు తీగ వెంబడి నేరుగానో, ఒక రిలే గుండానో దీపానికి చేరేది. ఇండికేటరు టిక్కుటిక్కుమనడానికి చిన్న డబ్బీలాంటి ఫ్లాషరు ఉండేది. అది పోతే ఇంకొకటి కొని తగిలించుకునేవాళ్ళు. ఇప్పటి చాలా కార్లలో స్విచ్చి చేసే పని కబురు పంపడమే. ఆ కబురు డాష్‌బోర్డు కింద దాగివున్న ఒక పెట్టెకు చేరుతుంది. దీపానికీ, వైపరుకూ, హారనుకూ, తలుపుల లాకులకూ, అద్దాల మోటార్లకూ కరెంటు ఇచ్చేదీ ఆపేదీ ఆ పెట్టె. చాలా బండ్లలో తాళంచెవిని గుర్తుపట్టి ఇంజను స్టార్టు కావడానికి అనుమతి ఇచ్చే పనిలోనూ దానికి భాగం ఉంటుంది.

ఈ పెట్టె ఇంజను పెట్టెతోనూ, బ్రేకుల పెట్టెతోనూ మాట్లాడుకోవడానికి పురితిప్పిన రెండు సన్నని తీగలున్నాయి. ఈ ఏర్పాటును క్యాన్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో దీన్ని లోకానికి చూపింది. 1991లో మెర్సిడెస్ బెంజ్ పెద్దకార్లలో వాడుకకు వచ్చింది. ఇది పనిచేసే తీరు మన ఊళ్ళో దండోరా వేసినట్టే. ఒకడు చాటుతాడు, ఊరంతా వింటుంది, ఎవరికి సంబంధించిన మాట వాళ్ళు పట్టుకుంటారు. ఇందువల్ల బండిలో తీగల బరువు బాగా తగ్గింది. అయితే పది రకాల పనులు ఒకే పెట్టె గుప్పిట్లోకి పోయాయి.

డెంకణికోట వైపు మాకు తెలిసిన ఒక అన్న అద్దెకారు నడుపుతాడు. వారానికి రెండుసార్లు ఒక పెద్దాయనను డయాలిసిస్‌కు బెంగుళూరు తీసుకుపోయి తీసుకువచ్చే బేరం ఆయనకు ముఖ్యమైనది. ఒక వానాకాలం రాత్రి తిరిగివస్తుండగా వైపర్లు వాటంతట అవే తిరగడం మొదలైంది. లాకులు టకటక కొట్టుకున్నాయి. కాసేపటికి హెడ్‌లైట్లు ఆరిపోయాయి. వెనుక సీటులో నీరసించి పడుకున్న రోగి, వెనుకనుంచి లారీలు. పార్కింగు దీపాలైనా వెలుగుతున్నాయి గనుక మెల్లగా రోడ్డుపక్కకు లాగి నిలిపాడట.

మర్నాడు షెడ్డులో మిషను తగిలించి చూస్తే యు 0140 అనే కోడు వచ్చింది. "మాడ్యూలు పోయింది, మార్చాలి" అన్నారు. ఇక్కడ మనం ఆగి ఒక మాట అడగాలి. ఆ కోడుకు అర్థం "బాడీ కంట్రోల్ మాడ్యూలు దండోరాకు పలకడం లేదు" అని. హాజరు పిలిచినప్పుడు పిల్లవాడు పలకలేదంటే బడికి రాలేదేమో, గొంతు పోయిందేమో, అసలు పిలుపే వినబడలేదేమో. పెట్టె విషయమూ అంతే. దానికి కరెంటు అందకపోవచ్చు, ఎర్తు సరిగా లేకపోవచ్చు, కబురు తీగ తెగివుండవచ్చు. మన పల్లెల్లో ఎలుకలు ఆ తీగలు కొరికిన బండ్లు తక్కువేమీ కాదు.

కనుక ముందు చూడవలసినవి చవకవి. బ్యాటరీ ఆపివున్నప్పుడు 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉందా? ఫ్యూజులు బాగున్నాయా? తరువాత ఎర్తు. దీపాలూ ఫ్యానూ వేసి, మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ నెగెటివు మీద, రెండోది మాడ్యూలు ఎర్తు తీగ మీద పెడితే 0.1 వోల్టుకు అటూ ఇటూ ఉండాలి. అర వోల్టు చూపిందంటే ఎర్తులో జబ్బున్నట్టే. ఇక కబురు తీగలు. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. బ్యాటరీ విప్పి, అందులో 6వ, 14వ పిన్నుల నడుమ కొలిస్తే సాధారణంగా 60 ఓములు రావాలి, ఎందుకంటే దారి రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టరు ఒక్కొక్కటి పెడతారు. 120 చూపితే దారి ఎక్కడో తెగిందని అనుమానించాలి. ఈ పరీక్షలన్నీ కలిపినా గంటసేపటి పని. ఎలక్ట్రికల్ పని తెలిసినవాడికి అడిగిన కూలి ఇచ్చినా నష్టం లేదు.

ఆ అన్న ఇంకొక ఎలక్ట్రీషియను దగ్గరికి పోయాడు. ఎర్తు బోల్టు తుప్పుపట్టి ఉంది. దాని పక్కనే కాళ్ళకింద కార్పెట్టు తడి. సంగతేమిటంటే బండి రోజూ కానుగచెట్టు కింద నిలుస్తుంది. ముందు అద్దం అడుగున వాననీరు పోయే కన్నాలు ఆకులతో పూడుకుపోయి నీళ్ళు లోపలికి దిగాయి. బోల్టు గీకి బిగించారు, కన్నాలు శుభ్రంచేశారు, బండి నడిచింది. మొదటి షెడ్డువాళ్ళను ఊరంతా తిట్టిపోసింది. మూడు వారాలకు జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి ఎర్తు బాగుంది, కరెంటు బాగుంది, తీగలు బాగున్నాయి. పెట్టె విప్పి చూస్తే పిన్నుల చుట్టూ పచ్చని చిలుము. ముందు పట్టిన నీరు లోపలికి చేరి బోర్డును తినేసింది. షెడ్డువాళ్ళు పరీక్ష చేయకుండా చెప్పడం తప్పే, చెప్పిన మాట మాత్రం చివరికి నిజమే అయింది. అయినా ఎర్తు సరిచేయకుండా, కన్నాలు తెరవకుండా కొత్త పెట్టె వేసివుంటే అదీ నీళ్ళపాలయ్యేది.

ఖర్చు తగ్గుతుందని ఎవరో చెబితే బెంగుళూరు గుజరీలో అదే రకం బండినుంచి తీసిన పెట్టె తెచ్చాడు. దీపాలు వెలిగాయి, ఇంజను మాత్రం స్టార్టు కాలేదు. ఆ పెట్టెకు గుర్తున్నది వేరే బండి తాళంచెవులు! దొంగలను ఆపడానికి పెట్టిన ఏర్పాటు సొంతదారునే ఆపింది. కొన్ని బండ్లలో పాత పెట్టె జ్ఞాపకం చెరిపి కొత్తగా నేర్పించవచ్చు, కొన్నింటిలో కుదరదు. కొనేముందే అడగాలి. పైకి ఒకేలా కనిపించినా పార్టు నంబరు చివరి అక్షరం దాకా సరిపోవాలి, ఫాగ్‌లైట్లున్న మోడలుకూ లేనిదానికీ లోపలి లెక్కలు వేరుగా ఉండవచ్చు.

కొత్తది వేసేటప్పుడు జరగవలసిన వరస చెబుతాను. పాత పెట్టె ఇంకా పలుకుతూ ఉంటే అందులోని బండి వివరాలను ముందు మిషనులోకి ఎక్కించుకోవాలి. తరువాత బ్యాటరీ నెగెటివు తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి, ఎయిర్‌బ్యాగుల సరఫరాలో కరెంటు కాసేపు నిలిచివుంటుంది. కనెక్టర్ల లాకులు గుంజకుండా నొక్కి తీయాలి. కొత్తది అమర్చాక ఆ బండి పదిహేడక్షరాల ఛాసిస్ నంబరుకు సరిపడే వివరాలు అందులో రాయాలి. దీన్ని కోడింగు అంటారు. రాస్తున్నంతసేపూ బ్యాటరీకి బయటినుంచి చార్జరు ఆసరా ఉండాలి. నడుమలో వోల్టేజీ పడిపోతే కొత్త పెట్టె కూడా పనికిరాకుండా పోవచ్చు. ఎస్టిమేటులో పెట్టె ధరతోపాటు కోడింగు కూలి చేరివుందో లేదో అడగండి. చాలా జగడాలు అక్కడే మొదలవుతాయి.

బండి తీసుకునేముందు దీపాలు, ఇండికేటర్లు, హారను, వైపర్లు, నాలుగు తలుపులు, నాలుగు అద్దాలు ఒక్కొక్కటే వేసి చూసుకోండి. బండికి తాళం వేసిన అరగంట తరువాత పెట్టెలన్నీ నిద్రపోవాలి, అప్పుడు బ్యాటరీ నుంచి పోయే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. ఏ పెట్టె అయినా మేలుకొనివుండి అర ఆంపియరు లాగితే 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల పైచిలుకులో ఒట్టిపోతుంది.

పోయేటప్పుడు ఇంట్లోవున్న తాళంచెవులన్నీ వెంట తీసుకుపోండి. కొన్ని బండ్లలో కొత్త పెట్టెకు నేర్పేటప్పుడు ఎదుట ఉన్న చెవులే లెక్క, మిగతావి చెల్లవు. ఆ అన్న రెండో చెవి బెంగుళూరులో చదువుకునే కొడుకు దగ్గర ఉండిపోయింది. పండగకు వాడు ఇంటికి వచ్చి ఆ చెవితో తలుపైతే తీయగలిగాడు గాని ఇంజను పలకలేదు. చెవి పట్టుకొని మళ్ళీ షెడ్డుకు పోయి, మళ్ళీ కూలి ఇచ్చి నేర్పించుకోవలసివచ్చింది.