ఇంట్లో కట్టిన విమానం రోడ్డెక్కితే

అమెరికాలో చాలామంది తేలికపాటి విమానాన్ని ఇంటి గ్యారేజీలోనే కట్టుకుంటారు. దాన్ని విమానాశ్రయానికి చేర్చేది ట్రైలరే. కిట్‌ఫాక్స్ లాంటి విమానాలకు రెక్కలు వెనక్కి మడవొచ్చు. మడత లేనివాటికి రెక్కలు ఊడదీసి, ముందంచు కిందికి ఉండేలా మెత్త వేసిన చట్రంలో నిలబెట్టాలి.

దారిలో అసలు శత్రువులు గాలి, కుదుపులు. ఎదురుగాలికి తోకలోని చుక్కాని, ఎలివేటరు, రెక్కల వెనకంచున ఉండే ఐలరాన్లు కొట్టుకుని కీళ్లు పాడవుతాయి. కాక్‌పిట్‌లోని కంట్రోలు కర్రను కట్టేస్తే చాలదు; రెక్క ఊడదీస్తే ఐలరాన్‌కూ ఆ కర్రకూ లంకె ఉండదు కదా! అందుకే ప్రతిదాన్నీ విడిగా, కదలకుండా బిగించాలి. పట్టీలు గట్టి చట్రానికే వేయాలి, పలుచని తొడుగు మీద కాదు. బయల్దేరిన కాసేపటికే అవి వదులవుతాయి, ఆగి చూసుకోండి.

రెక్కలు తిరిగి బిగించాక ప్రతి బోల్టునూ, కంట్రోళ్లు కదిలే దిశనూ మరొకరికి చూపించకుండా మాత్రం దయచేసి ఎగరకండి.