బి.ఎ. చదివే మన పిల్లలు పని ఎక్కడ నేర్చుకోవాలి?

(నాందేడ్‌లో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభలో న్యాయవాదిని మాట్లాడమంటే రాజ్యాంగంలోని 350-ఎ అధికరణంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈరోజు ఆ ఆనవాయితీని పక్కన పెడుతున్నాను. ఆ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించి చెబుతుంది. ఆ దశ ఎప్పుడో దాటి, బి.ఎ. రెండో సంవత్సరంలోకి వచ్చి, ‘ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి వకీల్ సాబ్?’ అని నా కార్యాలయానికి వస్తున్న పిల్లల గురించి మాట్లాడదలచుకున్నాను.

ఇంటర్న్‌షిప్ అంటే చదువుకుంటూనే ఒక సంస్థలో కొంతకాలం పనిచేస్తూ పని నేర్చుకోవడం. మరాఠీ కాగితాల్లో దీనిని ‘ఆంతర్వాసితా’ అంటారు. మా న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త కాదు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు తప్పనిసరి. బి.ఎ. విద్యార్థులకు మాత్రం కొత్తే. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇచ్చిన పాఠ్యక్రమ చట్రంలో దీనికి క్రెడిట్లు కేటాయించారు. ఒక క్రెడిట్‌కు 30 గంటల పని. మూడేళ్ల డిగ్రీలో సాధారణంగా రెండు నుంచి నాలుగు క్రెడిట్లు, అంటే 60 నుంచి 120 గంటలు. మహారాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఈ చట్రాన్నే అనుసరించి తమ పాఠ్యక్రమాలను మార్చుకున్నాయి. మీ కళాశాలలో అది ఏ సెమిస్టరులో, ఎన్ని గంటలో ముందు కార్యాలయంలో అడిగి రాసుకోండి.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, మార్కులు కళాశాల వేస్తుంది, పనిచేసే చోటు మాత్రం విద్యార్థే వెతుక్కోవాలి. పుణేలో, ముంబయిలో చదివే పిల్లవాడికి తండ్రి స్నేహితుడో, మేనమామో ఒక ఆఫీసు చూపిస్తాడు. మగ్గం నేసినవారి మనవడికి, ధర్మాబాద్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే తండ్రి కూతురికి ఎవరు చూపిస్తారు? ఈ మధ్య ఒక అమ్మాయి నా వద్దకు వచ్చింది. ‘మీరే చూసుకోండి’ అని కళాశాల ఒక ఖాళీ లేఖ చేతికిచ్చిందట. ఎవరో ఫోనులో పరిచయమై, కొన్ని వేలు కడితే పనిచేయకుండానే ధ్రువపత్రం ఇస్తామన్నారట. ‘తీసుకోమంటారా సార్?’ అని అడగడానికి వచ్చింది. ఆమె అమాయకురాలు కాదు, దారి తెలియక అడిగింది. ఆ దారి చెప్పడమే ఈ ప్రసంగం పని.

‘బి.ఎ. వాళ్లకు ఎవరు పని ఇస్తారు?’ అనేది మొదటి అపోహ. నా వృత్తి నుంచే జవాబు చెబుతాను. మన జిల్లా భూమి తగాదాల్లో 1954 నాటి ఖాస్రా పహాణీ పత్రకం చూడకుండా వాదన ముందుకు సాగదు. 1948 వరకు ఇక్కడి పరిపాలన ఉర్దూలో నడిచింది. 1956 నవంబరు 1 వరకు నాందేడ్, నిజామాబాద్ ఒకే రాష్ట్రంలోని జిల్లాలు. కాబట్టి ఒక్క కుటుంబం పెట్టెలోనే ఉర్దూ, మోడీ లిపి, మరాఠీ, తెలుగు కాగితాలు కలిసి దొరుకుతాయి. వాటిని వరుసలో పెట్టి, ఏ కాగితం ఏ సంవత్సరానిదో, ఎవరి పేరు మీదనో జాబితా రాసిపెట్టే చరిత్ర విద్యార్థి దొరికితే నాలాంటి వాడికి నెల పని మిగులుతుంది. ఆ విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని చరిత్ర చేతికి తగులుతుంది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు దస్త్రాలున్నాయి. చరిత్ర చదివేవాళ్లు అక్కడికీ ఒక లేఖ రాయాలి.

అర్థశాస్త్రం వాళ్లకు మార్కెట్ కమిటీలు, సహకార సంఘాలు ఉన్నాయి. ధర్మాబాద్ మిర్చి ధర ఇటు మరాఠీలో, అటు తెలుగులో ఎలా నిర్ణయమవుతుందో నెలరోజులు దగ్గరుండి చూస్తే అదే ఒక పరిశోధన. రాజనీతిశాస్త్రం వాళ్లకు జిల్లా పరిషత్తు, నగరపాలిక, జిల్లా న్యాయసేవాధికార సంస్థ. సమాజశాస్త్రం వాళ్లు ఆస్పత్రుల వైపు చూడండి. భైంసా, ముధోల్ వైపు నుంచి నాందేడ్ వచ్చిన రోగి తన బాధను తెలుగులో చెప్పుకుంటాడు, వినేవారికి మరాఠీ తప్ప రాదు. ఆ ఇద్దరి మధ్య నిలబడగల మనిషి మన ఇంట్లోనే ఉన్నాడు. సాహిత్యం వాళ్లకు స్థానిక మరాఠీ దినపత్రికలు, ఆకాశవాణి కేంద్రం, అనువాదం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పిల్లలు దరఖాస్తులో ‘తెలుగు’ అని రాయడానికి సంకోచిస్తున్నారు. ఇంటి భాష ఎవరికి కావాలని వాళ్ల అనుమానం. రెండు రాష్ట్రాల మధ్య వ్యాపారం, వైద్యం, వ్యాజ్యం నడిచే ఈ జిల్లాలో అది పైవరుసలో రాయవలసిన అర్హత. అయితే ఉన్నదే రాయాలి. చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. ‘మాట్లాడగలను, చదవలేను’ అని రాయడంలో తప్పు లేదు. దరఖాస్తుకు రెండు నెలల ముందు సాయంత్రం ఒక గంట కూర్చుంటే వార్తాపత్రిక కూడబలుక్కుని చదవడం వస్తుంది. వృద్ధులైన మీ తాతయ్యలే దానికి సరైన గురువులు.

ఇక లేఖ. ‘నేను కష్టపడి పనిచేస్తాను, దయచేసి ఒక అవకాశం ఇవ్వండి’ అని అందరూ రాస్తారు. చదివేవారికి అందులో తెలిసేదేమీ లేదు. నా బల్ల మీదికి వచ్చే లేఖల్లో నేను చూసేది మూడే: ఏం వచ్చు, ఎప్పటి నుంచి ఎన్ని గంటలు వస్తారు, మా పనిలో ఏ భాగం చేస్తారు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘నేను ధర్మాబాద్‌లో బి.ఎ. రెండో సంవత్సరం చరిత్ర చదువుతున్నాను. మరాఠీ, హిందీ చదవడం, రాయడం వచ్చు. తెలుగు మాట్లాడగలను, నెమ్మదిగా చదవగలను. మే మొదటి వారం నుంచి రోజుకు ఆరు గంటల చొప్పున ఇరవై రోజులు రాగలను. మీ వద్దనున్న పాత పత్రాల జాబితా తయారీలో సహాయపడగలను. కళాశాల లేఖ జతచేశాను.’ ఇంతే, ఒక్క పేజీ దాటనక్కరలేదు. ఒక్క చోటికి రాసి కూర్చోవద్దు, పదిచోట్లకు పంపండి. వారం దాటితే స్వయంగా వెళ్లి కలవండి. మన ఊళ్లలో మనిషిని చూశాకే పని ఇస్తారు. వేసవికి కావాలంటే సంక్రాంతి నాటికే మొదలుపెట్టాలి.

దూరం గురించి తల్లిదండ్రులకు ఒక సూచన. నాందేడ్‌కు ముంబయి కన్నా హైదరాబాద్ సగం దూరమే. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ధర్మాబాద్, బాసర మీదుగానే పోతుంది. ‘మనం తెలంగాణకు స్థానికేతరులం కదా, అక్కడ రానిస్తారా?’ అని చాలామంది అడుగుతున్నారు. రాజ్యాంగంలోని 371-డి కింద వచ్చే స్థానికత నియమాలు ప్రభుత్వ ఉద్యోగాలకు, విద్యాసంస్థల ప్రవేశాలకు సంబంధించినవి. ఒక పత్రికలోనో, గ్రంథాలయంలోనో, స్వచ్ఛంద సంస్థలోనో నెలరోజులు పని నేర్చుకోవడానికి అవి అడ్డురావు. ఇల్లు వదలలేని వారికి జాతీయ మానవ హక్కుల సంఘం రెండు వారాల ఇంటర్న్‌షిప్‌ను ఇంటినుంచే చేసే వీలుతో నిర్వహిస్తోంది. నీతి ఆయోగ్‌లోనూ ఉంది గాని, భృతి లేకుండా ఢిల్లీలో ఆరు వారాలు ఉండగలిగే కుటుంబాలు మనలో ఎన్ని? ‘అందరికీ సమాన అవకాశం’ అన్నమాట వినడానికి బాగుంటుంది, రైలు టిక్కెట్టు దగ్గర అది ఆగిపోతుంది.

పథకాల విషయంలో గందరగోళం ఉంది. 2024 అక్టోబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలిస్తుందని విని మన పిల్లలు ఉత్సాహపడ్డారు. ఆ ప్రారంభ నియమాల్లో పూర్తికాలం చదువుతున్నవారికి అర్హత లేదు. 2024లోనే మహారాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ముఖ్యమంత్రి యువ కార్యప్రశిక్షణ పథకంలో పట్టభద్రులకు నెలకు 10,000 రూపాయలన్నారు. అదీ చదువు ముగించినవారికే, పైగా మహారాష్ట్ర నివాసులై ఉండాలి. సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లిళ్లు, చదువులు సాగే మన కుటుంబాలు నివాస ధ్రువపత్రాన్ని చివరి నిమిషానికి వదలకూడదు. ఇలాంటి నియమాలు తరచు మారుతుంటాయి గనుక దరఖాస్తు నాటి ప్రకటనను స్వయంగా చదవండి.

డబ్బు అడిగేవారి మాటకొస్తే, ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను. పని నేర్పుతామంటూ ముందుగా రుసుము అడిగితే వెనక్కి తిరిగి రండి. ఇతరుల సంతకం, ముద్ర సృష్టించిన పత్రమైతే అది భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ. అది దొంగ పత్రమని తెలిసీ అసలైనదిగా చూపిస్తే 340 సెక్షన్ వర్తిస్తుంది. అమ్మినవాడు దొరకడు, చూపించిన విద్యార్థి దొరుకుతాడు.

ఆడపిల్లలను పంపడానికి భయపడే తల్లులకు ఒక చట్టం తెలియాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం జీతం తీసుకునేవారికే పరిమితం కాదు. శిక్షణకు వచ్చినవారు, జీతం లేకుండా పనిచేసేవారు కూడా దాని రక్షణలో ఉంటారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే తక్కువమంది ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. చేరేరోజునే ‘మీ కమిటీ సభ్యులెవరు?’ అని అడగమనండి. ఆ ప్రశ్నకు చిరాకుపడే ఆఫీసులో చేరనక్కరలేదు.

చివరిరోజు ధ్రువపత్రం తీసుకునేటప్పుడు తొందరపడవద్దు. మన పేర్లను మరాఠీలో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి రాస్తారు. పదో తరగతి పత్రంలో ఉన్న పేరే ఉందా, చేరిన తేదీ, ముగిసిన తేదీ, మొత్తం గంటలు, చేసిన పని, సంతకం చేసినవారి హోదా ఉన్నాయా అని అక్కడే నిలబడి చదివి, పొరపాటుంటే అక్కడే దిద్దించుకుని, ఒక నకలు ఇంట్లో పెట్టి, అసలు పత్రం కళాశాలలో ఇచ్చి రసీదు తీసుకోండి.