ఉద్యోగం పోయిన ఇంట్లో లెక్కలు, హక్కులు

(మసీదు ఆవరణలో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగం కోల్పోతున్న వేళ ఇల్లు నడుపుకోవడమెలా అన్న విషయంపై మాట్లాడమని నన్ను కోరారు. నేను వక్తను కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య జీవితం గడిపినవాణ్ణి. కనుక సబర్ గురించీ, తవక్కుల్ గురించీ ఇమామ్ సాహెబ్ చెప్పిన తరువాత నేను మళ్లీ చెప్పబోను. కాగితాల గురించీ, రూపాయల గురించీ చెబుతాను.

ఉద్వాసన మన ప్రాంతానికి కొత్త కాదు. వరంగల్‌లో 1934లో స్థాపించిన ఆజంజాహీ మిల్లు మూతపడింది. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారాన్ని 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించారు, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉంది. అక్కడి సిర్పూర్ పేపరు మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో గాని మరొక యాజమాన్యం చేతిలో మళ్లీ తిరగలేదు. ఆ నాలుగేళ్లు కార్మికుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకదు. "వచ్చే నెల తెరుస్తారట" అన్న మాటను నమ్ముకొని మరో పని వెతకనివారు ఎక్కువ దెబ్బ తింటారు. తెరిస్తే సంతోషం. తెరవరన్న లెక్కతోనే ఇంటి ఖర్చు వేసుకోవాలి.

నేటి రూపం వేరు. సైరను మోగి మిల్లు ఆగిపోదు. ఫోనుకు ఒక సందేశం వస్తుంది, లేదా కాంట్రాక్టరు "రేపటినుంచి రావద్దు" అంటాడు. మనవారిలో జీతం మీద బతికేవారు తక్కువ, సొంత చిన్న పనుల మీద బతికేవారు ఎక్కువ అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో సమర్పించిన నివేదిక కూడా మన పేదరికాన్ని, ఉద్యోగాల్లో మన వెనుకబాటును ప్రభుత్వం ముందు పెట్టింది. అంటే మన బస్తీలో నెలజీతం వచ్చే ఇల్లు ఒకటుంటే దాని చుట్టూ మరో రెండు ఇళ్లు ఆనుకొని ఉంటాయి. ఆ ఒక్క జీతం పోతే మూడిళ్లు వణుకుతాయి. అందుచేతనే ఇది ఒక కుటుంబం గుట్టుగా దాచుకోవలసిన విషయం కాదని నా అభిప్రాయం.

ముందుగా హక్కుల మాట చెబుతాను, ఎందుకంటే ఇంటి బడ్జెట్టులో మొదటి పద్దు అక్కడినుంచే రావాలి.

యాజమాన్యం పిలిచి "రాజీనామా రాసివ్వు, రేపే చెక్కు ఇస్తాం, అనుభవ పత్రం కూడా బాగా రాస్తాం" అనడం నేడు సర్వసాధారణం. ఆ కాగితం మీద సంతకం చేయడానికి ముందు ఒక రాత్రి గడువు అడగండి. రాజీనామా వేరు, ఉద్వాసన వేరు. ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి తీసివేయాలంటే నెల రోజుల నోటీసు గాని, ఆ నెల జీతం గాని ఇవ్వాలి. పనిచేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్త కోడ్‌లో మరొకటి చేరింది: తీసివేసిన కార్మికుడికి 15 రోజుల వేతనంతో సమానమైన మొత్తాన్ని యజమాని పునర్నైపుణ్య నిధికి జమచేయాలి, అది 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాకు చేరాలి. స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నానని మన చేతితో మనమే రాసిస్తే ఇవన్నీ అడిగే నోరు మూతపడుతుంది. గ్రాట్యుటీ మాత్రం రాజీనామా చేసినా వస్తుంది, అయిదేళ్ల సర్వీసు నిండి ఉంటే. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసేవారికి కొత్త కోడ్ ప్రకారం ఒక ఏడాది చాలు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒకరు 12 ఏళ్లు ఒక కర్మాగారంలో పనిచేశారు. నెలజీతం 18,000 రూపాయలు, గ్రాట్యుటీకి లెక్కించే వేతనం 13,000 అనుకుందాం. 13,000ను 26తో భాగించి 15తో హెచ్చిస్తే 7,500. పన్నెండేళ్లకు 90,000 గ్రాట్యుటీ. ఉద్వాసన పరిహారం ఏడాదికి ఇంచుమించు 9,000 చొప్పున 1,08,000. నోటీసు జీతం 18,000. మొత్తం 2,16,000 రూపాయలు. వాడుకోని సెలవుల జీతం, భవిష్యనిధి దీనికి అదనం. ఇప్పుడు ఆలోచించండి: రాజీనామా రాయించుకొని చేతిలో లక్ష పెట్టి "మీ మంచికే" అనే మేనేజరు ఎవరి మంచి చూస్తున్నట్టు?

కాంట్రాక్టరు కింద పనిచేసేవారు "మాకేముంది" అని నిరాశపడతారు. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే దాన్ని చెల్లించే బాధ్యత అసలు యజమాని మీద ఉంటుంది. అయితే అక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి. గేటు పాసు, హాజరు కార్డు, జీతం పడిన బ్యాంకు పుస్తకం, చివరికి సూపర్‌వైజరు పంపిన ఫోను సందేశమైనా సరే, భద్రపరచండి. మన ఇళ్లలో నికాహ్‌నామాను ఇనప్పెట్టెలో దాస్తాం, జీతపు చీటీని పిల్లలు పడవలు చేసుకుంటారు. దానికీ ఇనప్పెట్టెలో చోటివ్వాలి.

జీతం 21,000 లోపు ఉండి ఇఎస్ఐ చందా కట్టినవారికి మరో రెండు మాటలు. ఒకటి, ఉద్యోగం పోయిన రోజునే ఇఎస్ఐ వైద్యం పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ప్రయోజన కాలం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు. ఇంట్లో చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్న పెద్దలకు ఈ నెలలు ఎంతో విలువైనవి. రెండు, 2018లో ప్రారంభించిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, ఉద్యోగం పోయినవారికి సగటు దినవేతనంలో సగం, 90 రోజులకు మించకుండా, జీవితంలో ఒకసారి ఇస్తారు. మొదట 25 శాతంగా ఉన్నదాన్ని 2020లో 50 శాతం చేశారు. ఈ పథకాన్ని గడువు పెడుతూ పొడిగిస్తూ వస్తున్నారు కనుక ఇఎస్ఐ శాఖా కార్యాలయానికి వెళ్లి నేటి స్థితి అడగండి. దుష్ప్రవర్తన కారణంగా తీసివేసినవారికి ఇది రాదు. ఉత్తరంలో ఏ కారణం రాశారో చదవకుండా తీసుకోవద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

భవిష్యనిధిలో పింఛను భాగాన్ని తొందరపడి తీసుకోవద్దు. సర్వీసు పదేళ్లకు తక్కువైతే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు మరోచోట పని దొరికినప్పుడు పాత సర్వీసు కలిసి వస్తుంది. పదేళ్లు నిండితే 58వ ఏట పింఛను హక్కు. వృద్ధాప్యంలో నెలకు రెండు వేలు వచ్చినా అది కొడుకు చేతికేసి చూడనక్కరలేని రెండు వేలు.

గల్ఫ్‌నుంచి తిరిగి వస్తున్నవారి విషయం. 2013లో సౌదీ నితాఖత్ గట్టిగా అమలైనప్పుడు ఎన్ని కుటుంబాలు ఒక్కసారిగా తిరిగివచ్చాయో కడప, కరీంనగర్, నిజామాబాద్ వారికి జ్ఞాపకమే. సౌదీ చట్టం ప్రకారం యజమాని తీసివేస్తే మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర్ధనెల జీతం, ఆ పైన ప్రతి ఏడాదికి పూర్తి నెల జీతం సర్వీసు ముగింపు మొత్తంగా ఇవ్వాలి. దుబాయి తదితర ఎమిరేట్లలో మొదటి అయిదేళ్లకు 21 రోజులు, తరువాత 30 రోజులు. ఇళ్లలో డ్రైవర్లుగా, పనివారుగా వెళ్లినవారికి వేరే నిబంధనలు వర్తిస్తాయి. విమానం ఎక్కకముందే అడగాలి. ఇక్కడికి వచ్చాక రాబట్టడం ఎంత కష్టమో అనుభవించినవారిని అడిగితే చెబుతారు.

ఇక ఇంటి లోపలికి వద్దాం.

ఉద్యోగం పోయిన సంగతి భార్యకు చెప్పని భర్తలున్నారు. పొద్దున్నే డబ్బా పట్టుకొని బయలుదేరి, ఏ పార్కులోనో, ఏ దర్గా అరుగు మీదనో కూర్చొని సాయంత్రం ఇంటికి చేరతారు. ఇది గైరత్ అనుకుంటారు. ఆ నెల రోజుల్లో ఇంట్లో పాత లెక్కన ఖర్చు జరిగిపోతుంది. చీటీ కట్టేస్తారు, ఫుప్పు కూతురి పెళ్లికి చీర కొనేస్తారు. మొదటి రాత్రే చెప్పాలి. ఆ మరునాడు ఇద్దరూ కూర్చొని, ఎదిగిన పిల్లలుంటే వారిని కూడా కూర్చోబెట్టి, ఒక నోటు పుస్తకంలో మూడు విషయాలు రాయాలి: చేతిలో ఎంత ఉంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, నెలకు ఎంత లేనిదే గడవదు. అప్పు లావాదేవీ రాసిపెట్టుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని చెప్పే బఖరా సూరాలోని 282వ ఆయతే ఖుర్ఆన్ మొత్తంలో అతి పెద్ద ఆయత్. గుమాస్తా వృత్తివాణ్ణి గనుక నాకు ఆ ఆయత్ మీద ప్రత్యేకమైన మమకారం.

ఇందాకటి 2,16,000నే తీసుకుందాం. పాత జీతం ప్రకారం నెలకు 18,000 ఖర్చుపెడితే పన్నెండు నెలలు. 13,500కు కుదించుకుంటే పదహారు నెలలు. ఆ నాలుగు నెలలే దొరికిన మొదటి పనికి తలవంచకుండా తగిన పని వెతుక్కునే బలమిస్తాయి. తగ్గించడం ఎక్కడ? అద్దె వెంటనే తగ్గదు. బియ్యం తగ్గవు, రేషను కార్డు ఉండి కూడా "ఆ బియ్యం మనం తినం" అనే ఇళ్లకు నేను చెప్పేదొకటే, తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, నామోషీ లేకుండా తెచ్చుకోండి. తగ్గేవి దావత్‌లు, ఇచ్చిపుచ్చుకోవడాలు, వాయిదాల మీద కొన్న ఫోన్లు, దుకాణంలో ఖాతా మీద తెచ్చే సరుకులు. ఖాతా పుస్తకం చాలా మోసకారి. నగదిచ్చి కొనేటప్పుడు చెయ్యి వెనక్కి తగ్గుతుంది, ఖాతా మీదైతే తగ్గదు.

పిల్లల చదువు ఆపవద్దు. ఈ మాట చెప్పినప్పుడు అందరూ తల ఊపుతారు, ఆపవలసి వస్తే మాత్రం ముందు ఆడపిల్ల చదువే ఆపుతారు. ప్రైవేటు బడి ఫీజు భారమైతే తెలంగాణలో మైనారిటీ గురుకులాలున్నాయి, ప్రభుత్వ బడులున్నాయి. బడి మార్చడం అవమానం కాదు. బడి మానిపించి పదహారేళ్లకే పెళ్లి చేయడం నేరం, చట్టం దృష్టిలోనూ.

బంగారం విషయం కొంత కటువుగా చెప్పక తప్పదు. కష్టం రాగానే మొదట తాకట్టుకు వెళ్లేది ఇల్లాలి మెడలోనిది. మెహర్ గాని, పుట్టింటివారు ఆమెకు పెట్టింది గాని ఆమె సొంత ఆస్తి. షరీఅత్ చెప్పేదీ అదే. ఆమె సంతోషంగా ఇస్తే అది ఆమె ఔదార్యం; అడక్కుండా బీరువా తీయడానికి భర్తకు గాని, అత్తగారికి గాని హక్కు లేదు. ఇస్తే దాన్ని అప్పుగా అదే నోటు పుస్తకంలో రాయండి: ఎన్ని తులాలు, ఏ తేదీన. ఇది విని కొందరు సోదరులు నవ్వుతున్నారు. పరదా ఆవల ఎవరూ నవ్వడం లేదు, గమనించండి.

వడ్డీ గురించి ఉలమాలు చెప్పవలసింది చెబుతారు. నేను లెక్క చెబుతాను. నూటికి అయిదు వడ్డీకి తెచ్చిన 50,000 మీద నెలకు 2,500 వడ్డీయే అవుతుంది. ఇరవై నెలల్లో అసలంత కట్టినా అసలు అలాగే ఉంటుంది. వారపు వసూళ్ల సూక్ష్మరుణాలు ఎన్ని ప్రాణాలు తీశాయో 2010లో చూశాం. ఉమ్మడి రాష్ట్రం ప్రత్యేక చట్టమే తేవలసివచ్చింది. ఇప్పుడు ఆ వసూలుదారు ఫోనులోకి వచ్చి కూర్చున్నాడు. నిమిషంలో అప్పిచ్చే యాప్ మన ఫోనులోని నంబర్లన్నీ తీసుకుంటుంది, తరువాత బంధువులందరికీ మన పరువు పంచుతుంది. దాని బదులు ఉన్న అప్పులవాళ్ల దగ్గరికి మనమే ముందుగా వెళ్లి పరిస్థితి చెప్పి గడువు అడగడం మేలు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి వెసులుబాటు ఇవ్వాలన్నది బఖరా సూరా ఆదేశం. అప్పిచ్చినవారు కూడా ఈ సభలో ఉన్నారు, వారూ వింటున్నారనుకుంటాను.

జకాత్ గురించి జమాత్ పెద్దలకు ఒక విన్నపం. తౌబా సూరాలో చెప్పిన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకుపోయినవారు కూడా ఉన్నారు. రమజాన్‌లో వరుసలో నిలబడి చెయ్యి చాపేవారికే మనం పంచుతున్నాం. నిన్నటిదాకా తానే జకాత్ ఇచ్చి, నేడు అద్దె కట్టలేనివాడు ఆ వరుసలో ఎన్నటికీ నిలబడడు. అతని ఇంటి యజమానికి మూడు నెలల అద్దె నేరుగా చేర్చే ఏర్పాటు మనం చేయలేమా? పేరు బయటికి రాకుండా ఇద్దరు పెద్దలు ఈ పని చూస్తే చాలు.

మా కమిటీ తరఫున వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇక్కడే కూర్చుంటాం. గ్రాట్యుటీ దరఖాస్తు, ఇఎస్ఐ దరఖాస్తు, కార్మిక శాఖకు ఇచ్చే ఫిర్యాదు రాసిపెట్టడానికి నాతోపాటు మరో ముగ్గురు వస్తున్నారు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, నియామక పత్రం, దొరికినన్ని జీతపు చీటీలు, యూఏఎన్ నంబరు, యాజమాన్యం ఇచ్చిన చివరి ఉత్తరం తెచ్చుకోండి. ఏదీ దొరకకపోయినా రండి. స్త్రీల కోసం వెనుక గదిలో వేరుగా ఏర్పాటు ఉంది. ఇప్పుడు మగ్రిబ్‌కు ఇంకా ఇరవై నిమిషాలుంది, ప్రశ్నలు అడగవచ్చు.