రిమార్కుల గడి లేని రిజిస్టరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



అమెరికాలో ఉన్న మా మనవడు పాత బేస్‌బాల్ లెక్కల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆట నాకు అంతంతమాత్రం. పట్టిక కనబడితే మాత్రం వదలలేను, 34 ఏళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా!

అందులో చికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్ హోమ్‌రన్‌లు (మన సిక్సర్ల వంటివనుకోండి) ఇలా ఉన్నాయి: 1883లో 2, 1884లో 27, 1885లో 3. ఆడిట్‌వారి కంటబడితే సంజాయిషీ అడగరూ?

సంజాయిషీ ఉంది. వాళ్ళ మైదానం మరీ ఇరుకు. ఎడమ కంచె 180 అడుగులు, కుడి కంచె 196 అడుగులు. బంతి దాన్ని దాటితే 1883లో రెండు బేసులే ఇచ్చేవారు. దాన్ని డబుల్ అంటారు. ఆ ఏడు అతని డబుల్స్ 49! మరుసటేడు నిబంధన మార్చి, అదే దెబ్బను హోమ్‌రన్‌గా రాశారు. 27లో 25 సొంత మైదానంలోవే. 1885లో జట్టు వేరే మైదానానికి మారింది.

ఆ 27 మాత్రం 1919లో బేబ్ రూత్ 29 కొట్టేవరకు రికార్డే. విలియమ్సన్ 1894లోనే, 36 ఏళ్ళకే పోయాడు.

దొంగలెక్క అన్నాడు మావాడు. నేనొప్పుకోలేదు. నిబంధన రాసింది అతను కాదుగా! తప్పల్లా పక్కన రిమార్కు లేకపోవడమే. నా సర్వీసు రిజిస్టరులో ఒక ఇంక్రిమెంటు పక్కన ఒక్క ముక్క రాయనందుకు నా పెన్షన్ 14 నెలలు ఆగింది. మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్ళాయి.

అందుకే ఆ పుస్తకంలో 27 పక్కన "నిబంధన మార్పు, 1884" అని పెన్సిలుతో రాసి, పొట్టి సంతకం చేశాను.