లేపడానికి ఇచ్చిన చెయ్యి

(సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, మెకానికల్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "చక్కెర మిషన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసినవు గద, దాని మీద ఏదన్న మాట్లాడు" అన్నారు. బోధన్‌లో చెరుకు మిల్లు గురించి నేను చెప్పేది ఏముంటుంది సార్? ఇక్కడున్న సగం మంది ఆ సైరన్ విని బడికి తయారైనవాళ్లమే. అందుకని నాకు తెలిసిన ఇంకో పని గురించి చెప్తానన్నాను. కుస్తీ, కరాటే, జూడో, బాక్సింగ్. ఈ నాలుగింటిలో దేంట్లోనూ నేను గొప్పవాణ్ణి కాలేదు. నలభై ఏళ్లుగా నాలుగింటిలోనూ దెబ్బలు మాత్రం తిన్నాను. వాటితోపాటు ఈ బడికి నేను బాకీ పడ్డ ఒక మాట కూడా ఇవాళ చెప్పాలి.

మొదలు కుస్తీతోనే. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది, కాలువలు వచ్చాయి, చెరుకు వచ్చింది, 1930ల చివర శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. మా బాపు అందులో ఫిట్టరు. చెరుకు డబ్బులు చేతికొచ్చే కాలానికి ఊళ్లలో జాతరలు, జాతరల్లో కుస్తీలు. మీకందరికీ గుర్తే. కొబ్బరికాయ కుస్తీతో మొదలయ్యేది. చిన్న పిల్లలం ఆడేది అదే. చీకటి పడే వేళకు వెండి కడెం కుస్తీ. దెగ్లూరు నుంచి, బిలోలి నుంచి, నాందేడ్ నుంచి పహిల్వాన్లు వచ్చేవాళ్లు. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడు భాషల్లో అరుపులు. డప్పు మాత్రం ఒకటే.

మా వాడలో ఒక తాలీం ఉండేది. మన రేగడి నేల కుస్తీకి పనికిరాదు. తడిస్తే బంక, ఎండితే రాయి. అందుకని ఎర్రమట్టి తెప్పించి, జల్లెడ పట్టి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి తవ్వేవాళ్లు. రోజూ తవ్వడమే సగం కసరత్తు. ఉస్తాద్ మాకు మొదట నేర్పింది పట్టు కాదు. పట్టుకునే ముందు పిడికెడు మట్టి తీసి ఎదుటివాడి చేతిలో పెట్టాలి. వాడు చిత్ అయితే, అంటే రెండు భుజాలూ నేలకు తగిలితే, వెంటనే వదిలి, లేచి, చెయ్యిచ్చి లేపాలి. "లేపకుంటే గెలిచినట్టు కాదు బేటా" అనేవాడు. పదేళ్ల వయసులో ఆ మాట వినడమే గాని పట్టించుకున్నది లేదు.

నా బెంచీ మిత్రుడు కూడా అదే తాలీం. వాళ్లది చెరుకు పండించే ఇల్లు. నాకంటే బరువు తక్కువ. అయినా నాకు వాడు ఎప్పుడూ దొరకలేదు.

ఎనిమిదో తరగతిలో మన ఊరికి కరాటే వచ్చింది. బ్రూస్ లీ సినిమా చూసి మా తరం ఎంత మంది గోడల్ని గుద్దామో! హీరో సుమన్‌గారికి బ్లాక్ బెల్ట్ ఉందని తెలిశాక ఇక ఆగలేదు. తెల్ల డ్రెస్సు, రంగు బెల్టు, జపాన్ భాషలో లెక్కలు. ఒకినావా నుంచి ఫునాకోషి గిచిన్ అనే బడిపంతులు 1922లో టోక్యోకు తీసుకెళ్లి చూపించిన విద్య అది. మేం నేర్చుకున్న పద్ధతిలో దెబ్బను ఎదుటివాడి ఒంటికి తాకకముందే ఆపాలి. ఆపడంలోనే పనితనం. నాకు మాత్రం వేగమే కనబడింది. ఏడాది తిరక్కుండానే కుస్తీ మొరటు ఆట, కరాటే సైన్సు అని క్లాసులో ప్రచారం మొదలుపెట్టాను.

1986 ఫిబ్రవరి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం పందెం కట్టి తాలీం దగ్గరికి పోయాం. క్లాసు పిల్లలు ఏడెనిమిది మంది చుట్టూ నిలబడ్డారు. నేను కాలెత్తి తన్నాను. వాడు ఆ కాలు చంకలో ఇరికించుకుని, రెండో కాలికి అడ్డం పెట్టి నన్ను కూలేశాడు. అరనిమిషం పట్టలేదు. మళ్లీ లేచాను. ఈసారి ధోబీ పఛాడ్. బట్ట ఉతికినట్టు భుజం మీంచి తీసి వేశాడు. అందరూ నవ్వారు.

వాడు నవ్వలేదు. తాలీం అలవాటు ప్రకారం వంగి చెయ్యిచ్చాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని లేచాను, వదల్లేదు. నడుచుకుంటూ మట్టి దాటి గట్టి నేల మీదికి వచ్చాం. అక్కడ ఆ చెయ్యి గుంజి, కాలితో వాడి మడమ ఊడ్చేశాను. వాడు సిద్ధంగా లేడు. ఆట అయిపోయిందనుకున్నాడు. కుడి భుజం మీద పడ్డాడు. కాలర్ బోన్ విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ఇంట్లో, బడిలో వాడు చెప్పింది ఒకటే: చెరుకు బండి మీంచి పడ్డానని. బండ్ల వెనక ఉరికి చెరుకు గడలు గుంజడం అందరం చేసేదే గనక అందరూ నమ్మారు. చుట్టూ ఉన్న పిల్లలు కూడా నోరు విప్పలేదు. మా సార్లు వాణ్ణి మందలించారు, "పరీక్షల ముందు బండ్లెక్కుతవా" అని. ఆ మాటలు పడుతుంటే నేను పక్క బెంచీలో కూచుని ఉన్నాను. కుడి చెయ్యి మెడకు కట్టుకున్నవాడు మార్చి పరీక్షలు ఎట్లా రాస్తాడు? రాయలేదు. హోలీ కుస్తీలు కూడా పోయాయి. జూన్‌లో నేను ఇంటర్‌లో చేరాను, వాడు వాళ్ల బాపు వెంట చేనుకు పోయాడు. తర్వాత పరీక్ష కట్టి పాసయ్యాడు. కాని వాడి ఒక్క ఏడాది నా దగ్గర ఉండిపోయింది.

ఇది ముప్పై తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. సార్, మీరు తిట్టాల్సింది ఆ రోజు నన్ను.

తర్వాత వరంగల్‌లో ఇంజనీరింగ్. అక్కడ ఒక సీనియర్ జూడో నేర్పేవాడు. మొదటి నెల అంతా పడటమే నేర్పాడు. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, చేత్తో చాపను చరవాలి. మెకానిక్స్ క్లాసులో చదివిందే అది. దెబ్బ ఒక్క చోట, ఒక్క క్షణంలో తగిలితే ఎముక విరుగుతుంది. అదే దెబ్బను ఎక్కువ వైశాల్యానికి, కొంచెం ఎక్కువ సమయానికి పంచితే మనిషి లేచి నవ్వుతాడు. భుజం మీంచి విసిరే పట్టు చూడగానే గుర్తుపట్టాను. అది మన ధోబీ పఛాడే. తేడా ఒకటి గమనించాను. జూడోలో విసిరినవాడు ఎదుటివాడి చొక్కా చెయ్యిని చివరిదాకా వదలడు. వాడి తల నేలకు తగలకుండా, ఒళ్లు చదునుగా పడేలా పైకి లాగి పట్టుకుంటాడు. పడేసినవాడే పట్టుకోవాలి. 1882లో కానో జిగోరో జూడో మొదలుపెట్టినప్పుడు పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బల్ని స్వేచ్ఛా సాధనలోంచి పక్కన పెట్టాడు. దానివల్ల మిగిలిన పట్లను పూర్తి బలంతో, రోజూ, నిజమైన మనిషి మీద సాధన చెయ్యడం కుదిరింది. కట్టుబాటు ఉంది గనకనే బలం వాడుకోవచ్చు. ఆ రాత్రి హాస్టల్ గదిలో నాకు బోధన్ నేల గుర్తొచ్చింది. నేనూ ఒక చెయ్యి పట్టుకునే ఉన్నాను కదా. దాన్ని దేనికి వాడాను?

ఉద్యోగం పుణెలో. చక్కెర ఫ్యాక్టరీల మిషన్ల పని మీద కొల్హాపూర్, సాంగ్లీ, కరాడ్ తిరిగేవాణ్ణి. అక్కడ కూడా చెరుకూ కుస్తీ కలిసే ఉన్నాయి. కరాడ్ పక్కన గోళేశ్వర్ అనే ఊరివాడే ఖాషాబా జాదవ్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కుస్తీలో కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో మొదటి ఒలింపిక్ పతకం అదే. కొల్హాపూర్‌లో ఒక తాలీంలో లంగోటా కట్టి దిగాను. పందొమ్మిదేళ్ల పిల్లవాడు నన్ను మూడుసార్లు చిత్ చేశాడు. మూడుసార్లూ చెయ్యిచ్చాడు. మూడోసారి ఆ చెయ్యి అందుకోవడానికి నాకు కొంచెం టైము పట్టింది. "కాకా, దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. లేదన్నాను.

పుణెలోనే బాక్సింగ్. ముప్పై రెండేళ్ల వయసులో మొదలుపెట్టాను. నాలుగేళ్ల కరాటే, నాలుగేళ్ల జూడో ఉన్నాయని ధైర్యం. రింగులోకి పంపింది నాకంటే పది కిలోలు తక్కువున్న నడివయసు మనిషిని. ఆయన ఎడమ చెయ్యి తప్ప వాడలేదు. రెండో నిమిషానికి నా కళ్లనీళ్లు ఆగలేదు. కరాటేలో దెబ్బ ఆపడం అలవాటైనవాడికి, ఆగకుండా వచ్చే దెబ్బ ముందు బుర్ర పనిచెయ్యదు. పట్టు వెతుక్కుందామంటే చేతులకు గ్లోవ్స్. ఏ విద్యలోనైనా మన బలం ఆ విద్య నియమాల లోపలే అని తెలిసింది. ఒక రోజు నేను కోపంతో కొత్త కుర్రాణ్ణి గట్టిగా కొట్టాను. కోచ్ గంట కొట్టి ఆపేసి ఒకటే మాట అన్నాడు: "రేపు నీతో సాధన చెయ్యడానికి వాడు మళ్లీ రావాలి. రాకపోతే నువ్వు ఎవరితో నేర్చుకుంటావు?" స్పారింగ్ అంటే అంతే. పోటీ వేరు, కొట్లాట వేరు. స్పారింగ్‌లో ఎదుటివాడు తన ఒళ్లు మనకు అప్పిస్తాడు. వాడుకుని, చెడగొట్టకుండా తిరిగి ఇవ్వాలి.

ఇది జపాన్ నుంచో, పుణె నుంచో నేర్చుకోవాల్సిన పనిలేదు. మన పక్కనే హున్సా ఉంది. హోలీ సాయంత్రం ఊరంతా రెండు జట్లయి, మధ్యలో తాడు కట్టి పిడిగుద్దులు గుద్దుకుంటారు. చిన్నప్పుడు తాత భుజాల మీద కూచుని చూశాను. పోలీసులు వద్దంటూనే ఉంటారు, ఆట జరుగుతూనే ఉంటుంది. ముక్కులు పగులుతాయి, నేను దాన్ని మెచ్చుకోమనడం లేదు. ఇంజనీరుగా ఇప్పుడు చూస్తే మాత్రం ఆ తాడు అర్థమవుతుంది. ఒక చెయ్యి తాడు పట్టుకుని ఉంటుంది గనక కొట్టడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. దాటి మీద పడటానికి లేదు. కొన్ని నిమిషాల్లో ఆట ఆగిపోతుంది. తర్వాత దెబ్బల మీద కాముడి బూడిద రాసుకుని, కొట్టుకున్నవాళ్లే కావలించుకుంటారు. కుస్తీలో భుజాలు, జూడోలో చాప మీద చరుపు, బాక్సింగ్‌లో గంట, కరాటేలో గాలిలో ఆగే పిడికిలి, హున్సాలో తాడు. ప్రతి విద్యకూ ఒక ఆగే చోటుంది. నేను ఆ రోజు ఆగే చోటు దాటాను.

ఇంకొక మాట. మా కాలంలో తాలీం గుమ్మం దాటి ఆడపిల్ల లోపలికి రాలేదు. మా అక్క బయట నిలబడి నా అంగీ పట్టుకునేది. ఇక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో నిజామాబాద్ కలెక్టరేట్ మైదానంలో నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు అక్కడ ఆడపిల్లలు లేరు. కోచ్ శంసాముద్దీన్ దగ్గర మగపిల్లలతోనే స్పారింగ్ చేసింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజానికి గాయం. తిరిగొచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. ఆ భుజం గాయం సంగతి చదివినప్పుడల్లా నాకు ఇంకో భుజం గుర్తొస్తుంది. అదే కోచ్ కొడుకు హుస్సాముద్దీన్ రెండు కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. ఆ పిల్లలతో రోజూ రింగులోకి దిగి దెబ్బలు పంచుకున్న తోటి పిల్లలెందరో ఉంటారు. వాళ్ల పేర్లు పేపర్లో రావు. పతకంలో వాళ్ల వాటా ఉంది.

ఇక బాకీ సంగతి. ఈ ప్రసంగం రాసుకున్నాక నిన్న రాత్రి వాడి ఇంటికి పోయాను. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్లు చెరుకు తగ్గించి వరి, పసుపు వేస్తున్నారు. సభలో అంతా చెప్తానన్నాను. కాసేపు ఊరుకున్నాడు. "గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదు రా?" అన్నాడు. సిగ్గన్నాను. "నాకు చెయ్యి ఇరిగినందుకు కోపం రాలే. ఆ రోజు నుంచి నువ్వు మా ఇంటికి రావుడు బంద్ జేసినవు. గందుకు కోపం" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పోయేటప్పుడు, "చెప్పు, గని రెండు సార్లు నిన్ను చిత్ జేసిన సంగతి మర్చిపోకు" అన్నాడు. మర్చిపోలేదు, చెప్పేశాను. మూడో వరుసలో కూచున్నాడు. క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను.

చివరగా సంఘానికి ఒక మనవి. బడి వెనక ఖాళీ జాగాలో ఒక షెడ్డు, మంచి చాపలు, పక్కన జల్లెడ పట్టిన ఎర్రమట్టి. ఖర్చులో నా వాటా నేను ముందే ఇస్తాను. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా. మొదటి నెల పడటం నేర్పుదాం, తర్వాతే పడెయ్యడం. షెడ్డు డ్రాయింగు నేను గీస్తాను. మట్టి సంగతి మూడో వరుసలో ఉన్నవాడు చూసుకుంటానన్నాడు. పిల్లలకు మొదటి పాఠం కూడా వాడే చెప్తాడు. ఎదుటివాణ్ణి ఎట్లా లేపాలో వాడికి తెలిసినంత బాగా నాకు తెలియదు.